మిసెస్ పెటిఫర్ ఇంటి వెనకదారి

యీషున్, సింగపూర్
8 సెప్టెంబరు 2024

శాంతినీ,

క్షేమమా అని అడగను. నువ్వు క్షేమంగా ఉన్నావని మీ నాన్న హరిదాస్ రోజుకు నాలుగుసార్లు ఫ్యామిలీ గ్రూపులో చాటింపు వేస్తూనే ఉన్నాడు. నువ్వు కొన్న కెటిల్ ఫోటో కూడా చూశాను. నాకు కావలసింది కెటిల్ కాదు, కబుర్లు. అందుకే ఉత్తరం. గ్రూపులో రాస్తే బుకిట్ పంజాంగ్ నుంచి బూన్ లే దాకా మనవాళ్ళందరూ చదివేసి తలా ఒక బొటనవేలు పైకెత్తి ఊరుకుంటారు. తెలుగులోనే జవాబు రాయి. ఆ అక్షరాలు నేర్చుకోవడానికి ప్రతి ఆదివారం ఈ ఫ్లాట్‌కి వచ్చి నా ప్రాణం తోడేశావు, ఆ కష్టమంతా వృథా పోకూడదు.

ఇంగ్లండులో ఇన్ని ఊళ్ళుండగా నువ్వు ఇల్లు తీసుకున్నది మార్ల్‌హర్స్ట్‌లోనా! నేను నర్సు చదువు చదివిన ఊళ్ళోనా! మీ నాన్న నాలుగు నెలల తర్వాత, మొన్న, "అక్కా, అదేదో నీ ఊరేనట" అని తీరిగ్గా చెప్పాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

సరే, ఆ ఊరి సంగతి నువ్వు నాకు చెప్పకు, నేను చెప్తాను విను. స్టేషను లోయలో ఉంటుంది. పట్టాలకు ఒకవైపు బ్యాంకు, చేపల కొట్టు, మా నర్సుల హాస్టలు. రెండోవైపు సుద్దకొండ. కొండమీద ఆసుపత్రి. దాని లాండ్రీ పొగగొట్టం ఊళ్ళో ఎక్కణ్ణుంచైనా కనిపిస్తుంది, దారి తప్పితే దాన్ని చూసుకుని నడువు. హాస్టలు నుంచి ఆసుపత్రికి రోడ్డుమీద పోతే ఇరవై అయిదు నిమిషాలు. కానీ స్టేషను వంతెన వెనక నుంచి ఒక సన్నటి దారి ఉంది. 'లార్చెస్' అనే పెద్ద ఇంటి తోట పక్కగా తిన్నగా కొండెక్కుతుంది. తొమ్మిది వందల పన్నెండు అడుగులు, ఏడు నిమిషాలు.

ఆ దారి మిసెస్ పెటిఫర్‌ది. ఆవిడ కథ నీకు చిన్నప్పటి నుంచీ తెలుసు, అయినా మళ్ళీ చెప్తాను. చేరిన మొదటి రోజే కొబ్బరి బర్ఫీ చేసుకుని, ఆవిడ తలుపు తట్టి, "అమ్మా, మీ దారిలో నడవొచ్చా" అని అడిగాను. "నీకు ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు నడువు తల్లీ" అంది. ఆ తర్వాత ప్రతి గురువారం నాకు ఆవిడ ఇంట్లోనే టీ. మూడేళ్ళు, ఒక్క గురువారం తప్పలేదు.

నీకు పక్కింటివాళ్ళ పేర్లు కూడా తెలియవట. సిగ్గుచేటు! మురుకులు చేసి, డబ్బాలో పెట్టి, వెళ్ళి తలుపు తట్టు. మనుషులు వాళ్ళంతట వాళ్ళు రారు. పునీతకు ముద్దులు. మీ ఆయన మహీధర్‌ను ఉప్పు తగ్గించమను.

పొగగొట్టం కనబడిందో లేదో రాయి.

నీ అత్త,
కమలం


మార్ల్‌హర్స్ట్
26 సెప్టెంబరు 2024

అత్తయ్యా,

పొగగొట్టం లేదు. ఆసుపత్రి కూడా లేదు. అది ఇప్పుడు ఫ్లాట్లు. మీ వార్డు ఉన్నచోట జిమ్ము ఉంది, అద్దాల్లోంచి జనం పరిగెడుతూ కనిపిస్తారు. బ్యాంకు కాఫీ కొట్టయింది. చేపల కొట్టులో కుక్కలకు క్షవరం చేస్తున్నారు. మీరు చెప్పిన గుర్తులు పట్టుకుని శనివారం పొద్దున్నంతా తిరిగి, చివరికి ఫోను తీసి మ్యాపు చూసుకున్నాను, కోప్పడకండి.

దారులు దొరక్కపోయినా చరిత్ర దొరికింది. ఇక్కడి లైబ్రరీలో ఊరి గురించి ఒక అలమారా ఉంది. అసలు మార్ల్‌హర్స్ట్ పల్లె కొండకు అవతల ఉండేదట. రైలు వేసే రోజుల్లో అక్కడి జమీందారు, పొగకు తన వేటపక్షులు బెదురుతాయని స్టేషను దగ్గరికి రానివ్వలేదు. దాంతో మైలు దూరంలో, లోయలో, గొర్రెల బీడులో కట్టారు. డెబ్బై ఏళ్ళు స్టేషనుకు ఊరు లేదు, ఊరికి స్టేషను లేదు. కరెంటు రైళ్ళు వచ్చాక బిల్డర్లు దిగి, "లండనుకు అరగంట, పల్లెగాలి ఉచితం" అని బోర్డులు పెట్టి, రెండేసి ఇళ్ళు అతికించి వీధులకు వీధులు కట్టేశారు. ఆ పల్లెగాలి వచ్చే పొలాలమీదే కట్టారు. మొత్తానికి ఈ ఊరు పుట్టిందే పొద్దున్నే లేచి ఇంకో ఊరికి పోవడానికి.

ఇక మీ సలహా. మురుకులు చేశాను, మూడిళ్ళకు తీసుకెళ్ళాను. మొదటింట్లో తలుపు తీయలేదు. లోపల టీవీ వినబడుతూనే ఉంది. రెండో ఇంటావిడ చాలా సంతోషించి, మర్నాడు డబ్బా శుభ్రంగా కడిగి, థాంక్యూ కార్డు పెట్టి గుమ్మంలో వదిలింది. ఖాళీ డబ్బా, అత్తయ్యా. ఒక పంచదార పలుకైనా లేదు. మూడో ఆవిడ, "ఎప్పుడైనా టీకి రావాలి మీరు" అంది. మర్నాడు నాలుగింటికి వెళ్ళాను. రబ్బరు తొడుగులు వేసుకుని పొయ్యి కడుగుతోంది. ఇద్దరం గుమ్మంలో నిలబడి వాన గురించి మాట్లాడుకుని వచ్చేశాను.

రైల్లో ఇంకా ఘోరం. 7.42 బండిలో కిటికీ సీటుమీద, మన సింగపూర్‌లో చోటు పట్టుకున్నట్టే, టిష్యూ ప్యాకెట్టు పెట్టి, బ్యాగు పైన పెట్టడానికి లేచాను. వెనక్కి తిరిగేసరికి ఒక పెద్దమనిషి ఆ సీట్లో కూర్చుని, "మీరిది పడేసుకున్నారు" అని ప్యాకెట్టు నా చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చి చెప్తే పునీత నవ్వి నవ్వి, "అమ్మా, చోప్ చేయడం ఇక్కడ పనిచేయదు లా" అంది.

మీ దారి మాత్రం ఉంది. కానీ మూసేశారు. లార్చెస్‌ను ఏదో కంపెనీ కొని, ఇల్లు పడగొట్టి ఫ్లాట్లు కడుతోంది. పోయిన వారం దారికి రెండు చివరలా కంచె వేశారు. అది పోతే పునీత స్కూలుకు ఫుట్‌పాత్ లేని రోడ్డుమీద నడవాలి. ఇన్నాళ్ళూ రోజూ ఆ దారిలోనే నడిచాను, అది మిసెస్ పెటిఫర్ దారని మీ ఉత్తరం చూశాకే తెలిసింది.

మీ
శాంతిని


యీషున్
10 అక్టోబరు 2024

శాంతినీ,

ఖాళీ డబ్బానా! నేను రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మన కింది అంతస్తు అరుణమ్మ, వంట రాని మనిషి, ఆవిడైనా నా గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు రెండు అరటిపళ్ళైనా పెట్టి ఇస్తుంది. అయినా నువ్వు మనసులో పెట్టుకోకు, వాళ్ళకు తెలియదు. మళ్ళీ నింపి పంపు. ఈసారి లడ్డూలు పెట్టు, లడ్డూ తిన్నవాళ్ళకు కాస్త సిగ్గేస్తుంది.

టిష్యూ సంగతికి మాత్రం నీదే తప్పు. అక్కడ చోప్ చేసేది కాగితంతో కాదు, కాళ్ళతో. ప్లాట్‌ఫాంమీద ఒక్కొక్కరికీ ఒక్కో చోటుంటుంది, ఇరవై ఏళ్ళు అక్కడే నిలబడతారు. నువ్వూ ఒకచోట చూసుకుని నిలబడు. అలా పదేళ్ళు నిలబడితే నీదవుతుంది.

ఆ జమీందారు కథ బాగుంది. మనమేం తక్కువా? ఈ యీషున్‌లో నేను ఫ్లాటు తాళంచెవులు తీసుకున్నప్పుడు ఎర్రమట్టి, క్రేన్లు తప్ప ఏమీ లేవు. అంతకుముందు రబ్బరు తోటలు, అంతకుముందు అనాస తోటలు. అక్కడ రైలు వచ్చి ఊరి కోసం డెబ్బై ఏళ్ళు కూర్చుంది. ఇక్కడ ఊరు కట్టేసి, రైలు ఎప్పుడొస్తుందా అని మేం కూర్చున్నాం.

దారి మూసేస్తే ఏడుస్తూ కూర్చోకు. ముందు మీ ఎంపీ దగ్గరికి వెళ్ళు. ఇక్కడ మన బ్లాకు కింద వారం వారం కూర్చుని లిఫ్టు పాడైనా వింటారు కదా, అక్కడా ఉంటారు. తర్వాత ఆ కంపెనీ ఆఫీసుకు తిన్నగా వెళ్ళి, నేను అడిగినట్టే మర్యాదగా అనుమతి అడుగు. అడిగితే కాదనేవాళ్ళు తక్కువ. మన బ్లాకు కింద పెళ్ళికి నాలుగు కుర్చీలు వేయాలన్నా పర్మిట్ అడుగుతామా లేదా? వాళ్ళు ఇస్తారా లేదా?

మిసెస్ పెటిఫర్ ఉంటే ఒక్కమాటతో ఆ కంచె పీకించేసేది. ఆవిడకు ఒకసారి పెద్ద జలుబు చేసి గురువారం టీ ఆగిపోతుందేమోనని నేనెంత కంగారు పడ్డానో! దుప్పటి కప్పుకుని మరీ కూర్చుని టీ పోసింది మహాతల్లి.

అత్త,
కమలం


మార్ల్‌హర్స్ట్
2 నవంబరు 2024

అత్తయ్యా,

అడగకూడదట! అనుమతి అడగనే కూడదట!

మొదటి నుంచి చెప్తాను. కంచె దగ్గర ఒక కాగితం అంటించి ఉంది: దారి కాపాడుకుందాం, మంగళవారం మీటింగ్ అని. వెళ్ళాను. డెరిక్ అని ఒక రిటైరైన సర్వేయరు, ఎనభై ఒక్కేళ్ళు, మ్యాపులు చుట్టుకుని చంకలో పెట్టుకుని తిరుగుతాడు. ఆయన చెప్పిన చట్టం ఇది. ఒకరి స్థలంలో జనం ఇరవై ఏళ్ళు ఎడతెగకుండా నడిస్తే అది ఊరి దారి అయిపోతుంది, ఎవరూ మూయలేరు. కాకపోతే కంచెలు విరగ్గొట్టి నడవకూడదు, దొంగచాటుగా నడవకూడదు, యజమానిని అనుమతి అడిగి నడవకూడదు. అడిగితే అది ఆ యజమాని దయ, హక్కు కాదు.

చిక్కెక్కడంటే, 1992లో లార్చెస్ కొత్త యజమాని "నా అనుమతితో నడవండి" అని బోర్డు పెట్టాడు. అప్పటినుంచి నడిచినవాళ్ళ నడక లెక్కలోకి రాదు. కాబట్టి దానికి ముందు ఇరవై ఏళ్ళు, అంటే 1972 నుంచి చూపించాలి. డెరిక్ ఈ ఊరు వచ్చిందే 1975లో. అప్పటినుంచి సాక్షులున్నారు. ముందరి మూడేళ్ళకు ఒక్కరూ లేరు, కొందరు పోయారు, కొందరు వెళ్ళిపోయారు. అందరూ దిగులుగా కూర్చున్నారు. అప్పుడు నేను చెయ్యెత్తి, "మా అత్తయ్య 71 నుంచి 74 దాకా రోజూ నడిచింది" అన్నాను.

చప్పట్లు కొట్టారత్తయ్యా! పోయిన మంగళవారం మీటింగు మా ఇంట్లోనే. పదిహేడు మంది వచ్చారు. కుర్చీలు చాలక మెట్లమీద కూర్చున్నారు. ఖాళీ డబ్బా ఆవిడ కూడా వచ్చింది, పేరు బ్రెండా. మురుకు ఎలా పిండుతారో చూపించమంది. ఆరు నెలలుగా రోజూ రైల్లో పక్కన కూర్చున్న మనుషులు మొదటిసారి నా పేరు అడిగారు.

కాబట్టి మీరు మీ మాటల్లో ఒక వాంగ్మూలం రాసి, లాయరు ముందు సంతకం పెట్టి పంపాలి. ఎప్పటినుంచి ఎప్పటిదాకా, రోజుకు ఎన్నిసార్లు నడిచారు. అంతే. మా అందరి ఆశా మీమీదే. పునీత స్కూల్లో మీ గురించి, "మా పాట్టి స్టార్ విట్‌నెస్" అని చెప్పుకు తిరుగుతోంది.

తొందరగా,
శాంతిని


యీషున్
18 నవంబరు 2024

శాంతినీ,

ఇదిగో వాంగ్మూలం, ఆరు పేజీలు. ప్రమాణం చేయించే లాయరు నా ముందు పెన్ను పట్టుకుని ముప్పావుగంట కూర్చున్నాడు. చదువుతూ మధ్యలో ఒకసారి కళ్ళు తుడుచుకున్నాడు. మిసెస్ పెటిఫర్ టీ పోసిన చోట అనుకుంటాను.

నీ ఉత్తరం నేను జాగ్రత్తగా చదవలేదనుకోకు, రెండుసార్లు చదివాను. అడగకుండా నడిస్తే హక్కు, అడిగి నడిస్తే హక్కు లేదట! ఇలాంటి చట్టం ఏ దేశంలోనైనా ఉంటుందా? ఆ డెరిక్ ముసలాయన ఏదో పొరపాటు పడ్డాడు, పెద్దవయసు. నడిచినవాళ్ళు దొంగలు కాదు, మర్యాదస్తులు అని తెలిస్తే ఏ ఆఫీసరైనా మెచ్చుకుంటాడు. అందుకే మూడో పేజీ అంతా ఆ సంగతే రాశాను: ఏ తేదీన అడిగాను, ఏ బర్ఫీ పట్టుకెళ్ళాను, ఆవిడ ఏ మాటలతో అనుమతి ఇచ్చింది. నాలుగో పేజీలో గురువారాలు. చదివి చూడు, ఇక నీకు తిరుగుండదు.

పదిహేడు మందికి తినడానికి మకాన్ ఏం పెట్టావు? రాయనేలేదు. మురుకుతో సరిపెట్టావా?

గర్వంగా,
నీ అత్త కమలం


మార్ల్‌హర్స్ట్
1 డిసెంబరు 2024

అత్తయ్యా,

డెరిక్ పొరపాటు పడలేదు. మీ మూడో పేజీ చదివి పాపం ఆయన మొహం పాలిపోయింది. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ చదివాడు. "ఎంత మంచి అమ్మాయి! ఇంత మంచి అమ్మాయి కాకుండా ఉంటే ఎంత బాగుండేది!" అన్నాడు.

ఇది అలాగే పంపితే కంపెనీ లాయరు నెత్తిన పెట్టుకుంటాడు. ఆ మూడేళ్ళకు ఉన్న ఒకే ఒక్క సాక్షి, స్వయంగా, యజమాని అనుమతితో నడిచానని ప్రమాణం చేసి చెప్తోంది! మిగతా పదిహేడేళ్ళూ దండగ. ఇరవై నిండవు.

అందుకని ఒక్క కోరిక. మొదటి రెండు పేజీలు, చివరి పేజీ ఉంచి, మిసెస్ పెటిఫర్ మాట లేకుండా ఇంకోటి రాసి పంపండి. అబద్ధం చెప్పమనడం లేదు. చెప్పకుండా ఉండమంటున్నాను, అంతే. ఎప్పుడో పోయినావిడ ఏమీ అనుకోదు. కాగితాలు జనవరి నెలాఖరుకు కౌన్సిలుకు చేరాలి.

ప్లీజ్, అత్తయ్యా.

శాంతిని


యీషున్
12 డిసెంబరు 2024

శాంతినికి,

ఆ కాగితం అడుగున "ఇది పూర్తి సత్యం" అని ఉంది. సగం సత్యం అని లేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళు మందు సీసాలు పట్టుకున్న చేతితో సంతకం పెట్టాను. ఒక్క చుక్క ఎక్కువ వేయలేదు, ఒక్క చుక్క తక్కువ వేయలేదు. ఇప్పుడు నా చేత ప్రభుత్వం ముందు దొంగ కాగితం రాయిస్తావా?

మర్యాదగా అడిగి నడవడం తప్పయిపోయిందా? మీ తాత పెంపకం అది. మలయాలో తెలుక్ ఇంతాన్ దగ్గర కొబ్బరి ఎస్టేటులో గుమాస్తాగా పనిచేసి, దొరగారి అనుమతి లేకుండా ఒక్క చెట్టు నీడలో కూడా నిలబడని మనిషి. అలాంటి మనిషి కూతుర్ని నేను. నీ మీటింగు కోసం, నీ చప్పట్ల కోసం మిసెస్ పెటిఫర్‌ను కాగితంలోంచి కొట్టేయమంటావా?

నేను రాయను. ఆ మాట మళ్ళీ ఎత్తకు.

కమలం


మార్ల్‌హర్స్ట్
29 డిసెంబరు 2024

అత్తయ్యకు,

తప్పయింది. అలా అడగకూడదు. మీ వాంగ్మూలం ఈ ఉత్తరంతో వెనక్కి పంపిస్తున్నాను. సాక్షి లేదని డెరిక్‌కు చెప్పేశాను. ఆయన చాలా మర్యాదగా, "మీరేం చేస్తారు" అన్నాడు. మంగళవారం మీటింగు మళ్ళీ లైబ్రరీకి మారిపోయింది. దారి ఇక పోయినట్టే. పునీతను కారులో దింపుతున్నాం.

ఒక్క సంగతి మాత్రం చెప్పాలనిపించి రాస్తున్నాను. నాకు కావలసింది చప్పట్లు కాదు. ఈ ఊళ్ళో నాకు ఎవరూ లేరత్తయ్యా. మహీధర్ ఉన్నాడు, పునీత ఉంది, నిజమే. కానీ పొద్దున్న ఇంటి తలుపు తీసి బయటికి వచ్చాక, మళ్ళీ రాత్రి ఇంటికొచ్చేదాకా నన్ను పేరు పెట్టి పిలిచే మనిషి లేడు. మాటకు మొహం వాచిపోయి ఉన్నాను. ఆ పదిహేడు మంది మా మెట్లమీద కూర్చున్న రోజు, ఇక నేనూ ఈ ఊరిదాన్నే అనుకున్నాను. వాళ్ళకు నావల్ల ఒక ఉపయోగం ఉందనుకున్నాను.

మీరు ఇరవై ఏళ్ళ వయసులో, ఫోను కూడా లేని రోజుల్లో, ఒంటరిగా వచ్చి మొదటి రోజే ఒకావిడ మనసు గెలుచుకున్నారు. నాకు ముప్ఫై ఏడొచ్చాయి, పది డబ్బాల మురుకులు పిండాను, నాకు చేతకాలేదు. మీ దగ్గర ఏదో ఉంది, నా దగ్గర లేదు. మీమీద కోపం లేదు. నామీద నాకే విసుగు.

ఒంట్లో జాగ్రత్త.

శాంతిని


యీషున్
12 జనవరి 2025

నా తల్లీ శాంతినీ,

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. నాలుగు రోజులూ కింద కాఫీ కొట్టులో ఒక్కదాన్నే కూర్చుని, రాసి చించేస్తూ ఉన్నాను. అరుణమ్మ వచ్చి, "ఏంటక్కా, ఎగ్జామా?" అంది. అవునన్నాను.

మిసెస్ పెటిఫర్ నాకు ఎప్పుడూ టీ ఇవ్వలేదు. నేను ఆవిడతో ఒక్కసారైనా మాట్లాడలేదు.

ఆ ఇల్లు ఉంది, ఆవిడ ఉంది. పేరెలా తెలుసంటే, పాలవాడి కోసం గేటు దగ్గర సీసాలో చీటీ పెట్టేది: "రెండు సీసాలు చాలు, మిసెస్ పెటిఫర్." అది చదివాను. బర్ఫీ కూడా నిజమే. హాస్టల్లో చిన్న స్టవ్‌మీద చేశాను. వెళ్ళి ఆ గేటు దగ్గర పావుగంట నిలబడ్డాను. కిటికీ తెర కొంచెం కదిలింది. నాకు గంట కొట్టే ధైర్యం లేకపోయింది. స్టేషను బెంచీమీద కూర్చుని ఆరు ముక్కలూ నేనే తినేశాను. ఆ రాత్రి కడుపునొప్పి.

ఆ వారమే మీ తాత ఉత్తరం వచ్చింది: "ఎవరిదో దారిలో నడుస్తున్నానన్నావు, యజమానిని అడిగావా?" అడగలేదని రాస్తే ఆయన నిద్రపోడు. అడిగాను, చాలా మంచావిడ అని రాశాను. ఇక చూడు! ప్రతి ఉత్తరంలోనూ, "మిసెస్ పెటిఫర్ ఎలా ఉన్నారు?" ఏం చేయను? టీ ఇప్పించాను. అది చాలక గురువారాలు పెట్టాను. రాయడానికి ఏమీ లేని నెలలో ఆవిడకు జలుబు తెప్పించాను. నేను వచ్చేసేటప్పుడు ఆవిడ చేత కన్నీళ్ళు కూడా పెట్టించాను. మీ తాత ఎస్టేటంతా తిరిగి ఆ ఉత్తరాలు చదివి వినిపించేవాడు. మా కమలాన్ని దొరసాని కూతురిలా చూసుకుంటోందని పొంగిపోయేవాడు. ఆయన పోయాక మీ నాన్నకు చెప్పాను, తర్వాత నీకు చెప్పాను. యాభై ఏళ్ళు చెప్పీ చెప్పీ, ఈమధ్య ఆ టీ రుచి కూడా నాకు తెలిసిపోయింది. లాయరు ముందు ప్రమాణం చేసినప్పుడు కూడా తడుముకోలేదు. నీ మీద అంత కోపం ఎందుకొచ్చిందో ఇప్పుడు తెలుసుకో.

ఆసుపత్రిలో మాటలు పని వరకే. శనివారం వస్తే హాస్టల్లో మిగతా పిల్లలు ఇళ్ళకు పోయేవారు. నువ్వు రాసిన ఆ మొహంవాపు నాకు తెలుసు తల్లీ. తొమ్మిది వందల పన్నెండు అడుగులు ఎందుకు లెక్కపెట్టాననుకున్నావు? పక్కన మాట్లాడే మనిషి ఉంటే ఎవరైనా అడుగులు లెక్కపెడతారా?

నా దగ్గర ఏదో ఉంది, నీ దగ్గర లేదు అని రాశావే, ఆ మాట చదివి నేను సిగ్గుతో చచ్చిపోయాను. నా దగ్గర ఏమీ లేదు. నువ్వు మూడు తలుపులు తట్టావు. నేను ఒక్కటీ తట్టలేదు. నిన్ను సిగ్గుచేటని తిట్టాను, నా నోరు పడిపోను. నువ్వు నాకంటే మూడిళ్ళు ముందున్నావు.

పాత కాగితం రద్దు చేయించాను. అదే లాయరు దగ్గరికి వెళ్ళి, మొదటిసారి అబద్ధం చెప్పాను, ఇప్పుడు నిజం చెప్తానన్నాను. అలామక్, ఆయన మొహం చూడాలి! ఆ సంగతి కూడా కాగితంలో రాయించాడు. మంచిదే, రాయించనీ. పాతదీ దీంతోనే జతచేసి ఇవ్వు. ఈసారి ఒక్క పేజీ. అందులో ఉన్నది ఇది:

"1971 అక్టోబరు నుంచి 1974 డిసెంబరు వరకు, పని ఉన్న ప్రతి రోజూ రెండుసార్లు నేను ఆ దారిలో నడిచాను. పగలే, అందరూ చూస్తుండగానే నడిచాను. నా మొదటి వాంగ్మూలంలో మిసెస్ పెటిఫర్ గురించి రాసినది నా తండ్రి సంతోషం కోసం నేను కల్పించినది. నేను ఎవరినీ అనుమతి అడగలేదు. నడవమని నాతో ఎవరూ అనలేదు. నడవొద్దని ఎవరూ అనలేదు. ఆ మూడేళ్ళలో ఆ దారిలో నాతో ఎవరూ ఏమీ అనలేదు."

మీ నాన్నకు చెప్పకు. లేదు, చెప్పు. గ్రూపులో మాత్రం పెట్టనివ్వకు.

నీ
అత్త


మార్ల్‌హర్స్ట్
4 మార్చి 2025

అత్తయ్యా,

గెలిచాం! కంపెనీ లాయరు మీ రెండు కాగితాలూ చదివి, మీరు అబద్ధమాడారని వాదించాలని ముందు అనుకున్నాడట. కానీ తన పరువు పోయేలాంటి సంగతిని డెబ్బై నాలుగేళ్ళ నర్సు ఎందుకు కల్పించుకుంటుంది అని కౌన్సిల్ ఆఫీసరు అడిగేసరికి ఆ వాదన వదిలేశాడు. అభ్యంతరం వెనక్కి తీసుకున్నారు. ఇరవై ఏళ్ళూ నిండాయి. ఆదివారం కంచె తీసేశారు.

మీరు కోప్పడే సంగతి ఒకటి చెప్పాలి. మీ కాగితం మీటింగులో చదవమన్నారు. మొదలుపెట్టాను కానీ చివరి మాట దగ్గర కాగితం కిందికి దించేశాను. డెరిక్ నా చేతిలోంచి తీసుకుని, "నాతో ఎవరూ ఏమీ అనలేదు" అని చదివి కూర్చున్నాడు. వాన గురించి కూడా ఎవరూ మాట్లాడలేదు. ఒక్కొక్కరే కోట్లు వేసుకుని వెళ్ళిపోయారు. నాకు భయమేసింది, వీళ్ళను అవమానించామా అని.

నిన్న సోమవారం పొద్దున్న పునీతా నేనూ దారిలో దిగాం. కొంచెం దిగగానే ఒకాయన, పది నెలలుగా ప్లాట్‌ఫాంమీద నా పక్కనే నిలబడే మనిషి, ఆగి, టోపీ తీసి, "గుడ్ మార్నింగ్, నా పేరు గ్రెగరీ" అన్నాడు. నా పేరు చెప్పాను. నాలుగడుగులు వేశామో లేదో బ్రెండా, వాళ్ళాయనతో. తర్వాత ఆసుపత్రి ఫ్లాట్లలో ఉండే ఇద్దరు అన్నదమ్ములు. తర్వాత నేనెప్పుడూ చూడని ఒక ముసలావిడ, కర్ర పట్టుకుని, కొండకు అవతల నుంచి దీనికోసమే వచ్చిందట. ఒక్కొక్కరూ ఆగారు, పేరు చెప్పారు, నా పేరు అడిగారు, పునీత పేరు అడిగారు, మీ పేరు అడిగారు. "కమలం" అని పలకడం రాక మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నారు.

ఏడు నిమిషాల దారి, అత్తయ్యా, నలభై నిమిషాలు పట్టింది. రైలు తప్పిపోయింది. దాని తర్వాతదీ తప్పిపోయింది.

మీ
శాంతిని